గాలికి ఓడ కిరాయి లేదు

మన పల్లెల్లో తాపీ మేస్త్రీ ఇంటికి లెక్క కట్టేటప్పుడు ఇన్ని వేల ఇటుకలు, ఇన్ని బస్తాల సిమెంటు, ఇన్ని లారీల ఇసుక అని వేళ్ల మీద చెప్పేస్తాడు. ధరల దగ్గర పేచీ రావచ్చునే గాని, ఆ వస్తువులు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్న రాదు. ఇటుకల బట్టీ ఊరి చివర ఉంటుంది. ఇసుక ఏటిలో ఉంటుంది. సిమెంటు బజారులో ఉంటుంది. అండమాన్ దీవుల్లో ఇల్లు కట్టదలచిన వానికి మాత్రం ఈ మూడూ మూడు చిక్కులు.

దీవుల్లో సిమెంటు కర్మాగారం లేదు. ప్రతి బస్తా చెన్నై నుంచో, కలకత్తా నుంచో, విశాఖపట్నం నుంచో సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. ప్రయాణికుల ఓడకే రెండు రోజులకు పైగా పట్టే దూరమది. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) దిగిన సరుకు చాలాసార్లు అక్కడితో ఆగదు. కార్ నికోబార్ చేరాలంటే మరొక ఓడ ఎక్కి దక్షిణంగా దాదాపు 270 కిలోమీటర్లు పోవాలి. గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే అయితే ఆ దూరానికి రెట్టింపు. ఎక్కించిన ప్రతిచోటా కూలి, దించిన ప్రతిచోటా కూలి, నడుమ వాన. తేమ తగిలి బండరాయి అయిపోయిన సిమెంటు బస్తాను చూసినవారికి ఈ లెక్కలోని బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఇసుక సంగతి ఇందుకు విరుద్ధం. అది కాలి కిందనే ఉన్నది, కాని ముట్టరాదు. అండమాన్ దీవుల్లో గోదావరి, కృష్ణల వంటి నదులు లేవు. కనుక అనేక సంవత్సరాలపాటు అక్కడి కట్టడాలకు సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుకనే తవ్వి వాడారు. ఆ ఒడ్డు ఎవరిదీ కాదనుకోవడం పొరపాటు. ఉత్తర అండమాన్‌లోని కాలీపూర్ తీరానికి నాలుగు జాతుల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుక పోయిన చోట గుడ్లు పెట్టే తావు పోతుంది, ఆ వెనుక కెరటం లోపలికి జరుగుతుంది, కొబ్బరిచెట్లు కూలుతాయి. ఈ వ్యవహారం చివరకు సుప్రీం కోర్టు వరకు వెళ్లింది. కోర్టు నియమించిన శేఖర్ సింగ్ కమిషన్ దీవులను పరిశీలించి నివేదిక ఇచ్చింది. 2002 మే 7న వెలువడిన ఉత్తర్వు ప్రకారం ఇసుక తవ్వకాన్ని ఏటా కనీసం నూటికి ఇరవై చొప్పున తగ్గిస్తూ, అయిదేళ్లలో అప్పటి పరిమాణంలో మూడోవంతుకు దించవలసి ఉన్నది.

అదే ఉత్తర్వు అడవుల మాట కూడా తేల్చింది. సహజంగా పెరిగిన చెట్లను స్థానికుల నిజమైన అవసరాలకు మించి నరకరాదన్నది. 1883లో స్థాపించిన చాథమ్ కలప మిల్లు ఎంత పాతదో, దీవుల్లో కొయ్య ఇళ్ల సంప్రదాయమూ అంత గట్టిది. ఆ విధంగా ఒక్క రోజున కలపకూ, ఇసుకకూ తలుపులు సగం మూసుకున్నాయి. తీర్పు తప్పని నేననడం లేదు, అది రాకపోయి ఉంటే ఈనాటికి కొన్ని తీరాలు మిగిలేవి కావు. కాని ఇల్లు కావలసిన మనిషి అట్లాగే నిలబడి ఉన్నాడు. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనం 3,80,581. వారిలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలకూ, పనికీ వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలవి.

నాకు ఈ విషయంతో పరిచయం ఇంజనీరుగా కలిగినది కాదు. నా వృత్తి అనువాదం, చదివినది ఆంగ్ల సాహిత్యం. కొన్నేళ్ల కిందట తేలికపాటి దిమ్మెల తయారీ గురించి తాపీ పనివారి కోసం వ్రాసిన ఒక చిన్న పుస్తకాన్ని తెలుగు చేయవలసి వచ్చింది. మొదటి పేజీలోనే చిక్కుపడ్డాను. ఇంగ్లీషు పుస్తకం ప్రతి వాక్యంలోనూ పారవేసిన వస్తువుల గురించి మాట్లాడుతున్నది, నేను ప్రతిచోటా "వ్యర్థం" అని వ్రాస్తూ పోయాను. వ్రాసిన కొద్దీ ఆ మాట నన్ను పొడవసాగింది. వ్యర్థమంటే ప్రయోజనం లేనిది. ఈ పుస్తకంలోని బూడిద, రాతిపొడి, గాజుపెంకులన్నిటికీ ప్రయోజనం ఉన్నదనే గదా రచయిత వాదం! పైగా ఒకచోట వ్యర్థమైనది ఇంకొకచోటికి చేరేసరికి కొనుక్కోవలసిన సరుకవుతుంది. ఈ చిన్న తేడాను పట్టించుకోకపోతే అండమాన్ గురించి చెప్పే సలహా ఏదైనా పక్కదారి పడుతుందని నాకు తర్వాత బోధపడింది.

నురుగు గోడ అయ్యే విధం

ముందుగా ఆ దిమ్మె ఎట్లా తయారవుతుందో చూద్దాం. దీనిని నురుగు కాంక్రీటు అంటారు. సిమెంటు, మెత్తని పొడి, నీరు కలిపి చిక్కని జారుగా చేస్తారు. వేరొక యంత్రంలో ఒక ప్రత్యేక ద్రావణాన్ని నీటితో కలిపి, ఒత్తిడిగల గాలిని పంపితే తెల్లని గట్టి నురుగు వస్తుంది. గడ్డం గీసుకునే సబ్బు నురుగు ఎట్లా నిలబడుతుందో ఇదీ అట్లాగే నిలబడుతుంది. ఆ నురుగును జారులో మెల్లగా కలిపి అచ్చుల్లో పోస్తారు. సిమెంటు గట్టిపడేలోగా బుడగలు చితికిపోకుండా ఉంటే చాలు, లోపల లక్షల కొద్దీ చిన్న చిన్న గాలి గదులు మిగిలిపోతాయి. కాల్చే పని లేదు, బట్టీ లేదు, కట్టెలు లేవు. తరువాత తడుపుతూ ఆరబెట్టడమే.

ఇందులో వింత ఏమీ లేదు. రోమ్ నగరంలో సుమారు 1,900 ఏళ్ల కిందట కట్టిన పాంథియాన్ గుమ్మటపు పైభాగంలో తేలికగా ఉండాలని బుడగల రాయిని వాడారు. గాలి ఇమిడిన కాంక్రీటును ఇప్పటి రూపంలో తయారుచేసినది 1920లలో స్వీడన్ దేశస్థులు. మన దేశంలో నురుగు దిమ్మెలకు భారత ప్రమాణాల సంస్థ 2008లో ఐ.ఎస్. 2185 నాలుగవ భాగంగా ప్రత్యేక ప్రమాణం వెలువరించింది.

మామూలు కాంక్రీటు ఘనపు మీటరు బరువు 2,400 కిలోలు. నురుగు కాంక్రీటును 800 కిలోల నుంచి 1,800 కిలోల వరకు కావలసినట్లు చేయవచ్చు. 800 కిలోల రకంలో దాదాపు సగం గాలే. ఈ దిమ్మె నీటిలో తేలుతుంది. ఈ వాక్యం తెలుగు చేసిన రోజున నా అనువాదాన్ని ఒక తాపీ మేస్త్రీకి చదివి వినిపించాను. అతడిది సోంపేట ప్రాంతం, కొన్నేళ్లు దీవుల్లో పనిచేసి వచ్చినవాడు. "ఇటిక నీళ్లలో తేల్తాదేటి, మాస్టారూ?" అని నా ముఖం వంక జాలిగా చూశాడు. పుస్తకం వ్రాసినవాడిని కాక నన్నే అనుమానించాడని గ్రహించాను.

తేలిక వల్ల ఓడ కిరాయి కలిసి వస్తుందని అందరికీ మొదట తోచే మాట. అది సగమే నిజం. ఓడ కిరాయిని బరువును బట్టి గాని, ఆక్రమించే చోటును బట్టి గాని, ఏది ఎక్కువైతే దానిని బట్టి కడతారు. చెన్నైలో దిమ్మెలు పోసి పోర్ట్ బ్లెయిర్‌కు పంపితే మనం గాలికి కిరాయి చెల్లిస్తున్నామన్నమాట. అసలు లాభం దిమ్మెను దీవిలోనే పోసినప్పుడు వస్తుంది. 800 కిలోల రకం ఘనపు మీటరుకు సుమారు 300 కిలోల సిమెంటు, అంటే ఆరు బస్తాలు కావాలి. నురుగు ద్రావణం కిలో, కిలోన్నర సరిపోతుంది. సముద్రం దాటి రావలసినవి ఈ రెండే. నీరు అక్కడిది. గాలి అక్కడిది. మిగిలిన మెత్తని పొడి, సుమారు 400 కిలోలు, ఎక్కడిది కావాలన్నదే ఈ వ్యాసానికి ప్రాణమైన ప్రశ్న.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. లోపల బోలుగా ఉండే సిమెంటు హాలో బ్లాకుకు ఇంతకంటె తక్కువ సిమెంటు పడుతుంది. సిమెంటు ఒక్కటే చూసుకుంటే నురుగు దిమ్మెది గెలుపు కాదు. కాని హాలో బ్లాకు ఇసుకనూ, చిన్న కంకరనూ అడుగుతుంది, బరువు కూడా ఎక్కువ. ఏది మేలన్నది భూమి కదిలే చోటా, ఇసుక దొరకని చోటా వేరుగా తేలుతుంది.

బూడిద అక్కడ లేదు

మన దేశంలో నురుగు దిమ్మెల గురించి ఏ పుస్తకం తెరిచినా మొదట కనిపించేది బొగ్గు బూడిద. అందుకు కారణమున్నది. మన విద్యుత్తులో అధికభాగం బొగ్గును కాల్చి తీసినదే. రామగుండంలో, కొత్తగూడెంలో, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, విశాఖ శివార్లలోని పరవాడలో బూడిద చెరువులు చూసినవారు ఆ గుట్టలను మరచిపోలేరు. 1999 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం విద్యుత్కేంద్రాలకు 50 కిలోమీటర్లలోపు ఇటుకలు చేసేవారు బూడిద కలపడం తప్పనిసరి చేసింది. తరువాతి సవరణల్లో ఆ దూరం 100 కిలోమీటర్లకు, ఆపైన 300 కిలోమీటర్లకు పెరిగింది. మద్రాసు ఐ.ఐ.టి.లో కె. రామమూర్తి, ఇ.కె. కుంఞనందన్ నంబియార్ జరిపిన పరిశోధనలు నురుగు కాంక్రీటులో ఇసుకకు బదులు బూడిద వాడితే అదే బరువుకు బలం పెరుగుతుందని చూపాయి. పొడి ఎంత మెత్తనైతే బుడగలు అంత సమంగా నిలుస్తాయి. ముతక ఇసుక రేణువు బుడగను పొడిచి చంపుతుంది.

బూడిద విషయంలో విశాఖపట్నానికి ఒక గర్వకారణం కూడా ఉన్నది. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని అభివృద్ధి చేసినది అక్కడి ఇన్స్వారెబ్ సంస్థకు చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళీదాసు. దేశంలో ఎన్నోచోట్ల చిన్న చిన్న ఇటుకల కేంద్రాలు ఆ సూత్రం మీద వెలిశాయి.

ఇంత చదివినవాడు సహజంగా ఏమనుకుంటాడు? విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలు ఉండనే ఉన్నాయి, బూడిదను బస్తాల్లో పోసి పంపితే సరిపోతుంది గదా అనుకుంటాడు. నేనూ అట్లాగే అనుకున్నాను. కాని పరవాడలో వ్యర్థంగా పడి ఉన్న బూడిద, బస్తా కట్టి, లారీ ఎక్కి, ఓడ ఎక్కి, హడ్డో రేవులో దిగేసరికి వ్యర్థం కాదు. అది 1,200 కిలోమీటర్ల కిరాయి మోసుకొచ్చిన దిగుమతి సరుకు. అండమాన్‌లో బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం లేదు. అక్కడి దీపాలు అధికంగా డీజిలు జనరేటర్ల మీద వెలుగుతాయి. డీజిలు పొగను మిగులుస్తుందే గాని బూడిద గుట్టను మిగల్చదు. విశాఖ ఇటుక నుంచి నేర్చుకోవలసినది బూడిద వాడమని కాదు, పొరుగున పడి ఉన్నదానిని వాడమని. వంట పుస్తకం విశాఖలో వ్రాసి వంట కార్ నికోబార్‌లో చేయబోతే ఉప్పు దగ్గరే తేడా వస్తుంది.

అగ్నిపర్వతపు బూడిద మాటేమిటని అడిగే తెలివైన పాఠకులు ఉంటారు. రోమనులు తమ కాంక్రీటులో కలిపినది అదే. దేశంలో రగులుతున్న ఏకైక అగ్నిపర్వతం బారెన్ దీవి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. అయితే ఆ దీవి అభయారణ్యం, అక్కడ మనుషులు ఉండరు. దానిని తవ్వుకుందామనడం తీరపు ఇసుకకు చేసిన తప్పును మరో చోట చేయడమే. పగడపు రాతిని కాల్చి సున్నం చేసే ఆలోచనకూ చోటు లేదు. గట్టి పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉన్నది.

దీవిలో పడి ఉన్నవి

మరి దీవిలో నిజంగా పడి ఉన్నవేమిటి?

రాతిపొడి మొదటిది. కంకర కొట్టే క్రషర్ల దగ్గర పొడి మిగలక తప్పదు. జల్లెడ పట్టి సన్నని భాగాన్ని తీసుకుంటే నురుగు కాంక్రీటుకు అది చక్కగా పనికివస్తుంది. మన వైపు "రోబో ఇసుక" పేరుతో కొట్టి చేసిన ఇసుక బాగా వాడుకలోకి వచ్చింది గనుక మన మేస్త్రీలకు ఇది కొత్త కాదు. ఉప్పు లేని పొడి కావడం దీనికి మరొక గుణం. సముద్రపు ఇసుకలోని ఉప్పు లోపలి ఇనుమును తినివేస్తుంది, గోడ మీద తెల్లగా పూస్తుంది. రాతిగనులు తవ్వడం కూడా కొండను తినడమేనన్న అభ్యంతరం ఉన్నది. కాని కంకర కోసం ఎట్లాగూ కొట్టిన రాయి నుంచి రాలిన పొడిని వాడడం వల్ల కొత్తగా కొండ తరగదు.

రెండవది పడగొట్టిన కట్టడాల శిథిలం. భూకంపాలూ, సునామీ చేసిన ధ్వంసంలో పుట్టలుగా మిగిలినది ఇదే. పాత కాంక్రీటును మర పట్టి మెత్తగా చేస్తే పొడిగా వాడవచ్చు. మరను నడపడానికి కావలసిన కరెంటు మళ్లీ డీజిలు కరెంటన్నది మరచిపోకూడదు.

గాజు సీసాల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పర్యాటకులు పెరిగిన కొద్దీ స్వరాజ్ ద్వీప్ (పాత హావ్‌లాక్), పోర్ట్ బ్లెయిర్ హోటళ్ల వెనుక ఖాళీ సీసాలు పేరుకుంటాయి. నిండు సీసాకు ఓడ కిరాయి ఇచ్చేవారుంటారు గాని ఖాళీ సీసాను వెనక్కు పంపడానికి ఎవరికి మనసొప్పుతుంది? గాజును పిండిలాగా, సిమెంటంత మెత్తగా నూరితే అది సిమెంటులోని సున్నంతో కలిసి బలమిస్తుంది. బరకగా ఉంటే ఫలితం తారుమారు. సిమెంటులోని క్షారానికీ, గాజుకూ పొసగక, కొన్నేళ్లకు లోపల ఉబ్బు వచ్చి దిమ్మె పగులుతుంది. ఒకే వస్తువు మెత్తదనాన్ని బట్టి మిత్రుడూ శత్రువూ కావడం రసాయన శాస్త్రంలోనే సాధ్యమనుకుంటాను, లేదా మా అనువాదకుల లోకంలో.

కొబ్బరి దీవుల ముఖ్య పంట. చిప్పను ముక్కలు చేసి కంకరకు బదులు వేసి తేలిక కాంక్రీటు చేయవచ్చునని మన దేశంలోనే పరిశోధనలు జరిగాయి. పీచును కొద్దిగా కలిపితే దిమ్మె ఆరేటప్పుడు వచ్చే బీటలు తగ్గుతాయి. కాని సిమెంటు క్షారం కాలక్రమాన పీచును కొరుకుతుంది. పైగా చిప్ప పొయ్యిలోకి మంచి వంటచెరుకు, దానిని వ్యర్థమనడానికి ఏ గృహిణీ ఒప్పుకోదు. రంపపు పొట్టు విషయంలో మరొక ఇబ్బంది: కొయ్యలోని చక్కెరలు సిమెంటును గట్టిపడనివ్వవు. ఉడకబెట్టో, సున్నపు నీటిలో నానబెట్టో శుద్ధి చేయాలి.

ఇక ప్లాస్టిక్. నికోబార్ తీరాల్లో కొట్టుకువచ్చే సీసాల్లో మనవి తక్కువ. గ్రేట్ నికోబార్ ఒడ్డున ఏరిన సీసాల మీద 2020లో వెలువడిన ఒక అధ్యయనం వాటిలో మలేషియావి అధికమనీ, ఇండొనేషియా, థాయిలాండ్‌లవి ఆ తరువాతివనీ తేల్చింది. సముద్రానికి సరిహద్దులు లేవన్న మాట కవిత్వం కాదు. ఈ ప్లాస్టిక్‌ను తురిమి దిమ్మెల్లో వేసి చూపే ప్రదర్శనలు మంచి ఛాయాచిత్రాలకు పనికివస్తాయి. నాకు మాత్రం దాని మీద నమ్మకం తక్కువ. ప్లాస్టిక్ సిమెంటును పట్టుకోదు, బలం తగ్గుతుంది. అగ్ని ప్రమాదంలో కరిగి విషపు పొగ వెలువరిస్తుంది. చెత్తను గోడలో దాచడం వేరు, గోడకు పనికివచ్చేలా మార్చడం వేరు.

భూమి కదిలే చోట

ఇంతకూ అండమాన్‌కు తేలిక గోడ ఎందుకు? సమాధానం ఓడల రేవులో లేదు, భూమి అడుగున ఉన్నది. దీవులన్నీ ఐ.ఎస్. 1893 ప్రమాణపు 2002, 2016 సంచికల్లో దేశంలోకెల్లా తీవ్రమైన అయిదవ భూకంప మండలంలో చేరి ఉన్నాయి. 1941 జూన్ 26న వచ్చిన భూకంపం సెల్యులార్ జైలును కూడా దెబ్బతీసింది. 2002 సెప్టెంబరు 14న తెల్లవారుజామున దిగ్లీపూర్ ప్రాంతం కంపించింది. 2004 డిసెంబరు 26 సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ ఉదయం దీవుల్లో మరణించినవారూ, జాడ తెలియనివారూ సుమారు మూడున్నర వేలమంది. దేశపు దక్షిణ కొస ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి దీపస్తంభం మొదలు సముద్రంలోకి వచ్చింది. ఉత్తరాన మాత్రం నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి.

దిగ్లీపూర్ భూకంపం తరువాత అక్కడకు వెళ్లి నివేదిక వ్రాసినవారు కాన్పూర్ ఐ.ఐ.టి.కి చెందిన దుర్గేష్ సి. రాయ్, సి.వి.ఆర్. మూర్తి. 2004 తరువాత కూడా ఆ ఐ.ఐ.టి. బృందం దీవుల్లో పర్యటించింది. కొయ్యతో కట్టిన పాత ఇళ్లు కదలికను బాగానే తట్టుకున్నాయనీ, కొత్త కాంక్రీటు కట్టడాలు అనేకం దెబ్బతిన్నాయనీ వారు గమనించారు. మూర్తిగారు సామాన్యుల కోసం వ్రాసిన 24 చిన్న భూకంప పాఠాల్లో ఒక సూత్రం అతి సులభంగా వివరించారు. నేల కదిలినప్పుడు కట్టడం మీద పడే బలం దాని సొంత బరువు నుంచి పుడుతుంది. బరువు ఎక్కువైతే దెబ్బ ఎక్కువ. బస్సు హఠాత్తుగా కదిలితే గంప నెత్తిన పెట్టుకున్నవాడే ముందు తూలతాడు.

మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల మందం గల ఒక గోడను తీసుకుందాం. మట్టి ఇటుకతో కడితే దాని బరువు మూడున్నర టన్నుల దరిదాపు. 800 కిలోల నురుగు దిమ్మెతో కడితే ఒకటిన్నర టన్నులు. పక్కన పడుకున్న పిల్లవాడి మీద ఏది కూలితే ఏమవుతుందో ఊహించుకోవలసిన పని లేదు. తేలిక గోడ కూలదని నేననడం లేదు. దానిని స్తంభాలకూ, దూలాలకూ ఇనుప పట్టీలతో కట్టిపడేయకపోతే అదీ పక్కకు ఒరిగి పడుతుంది. బలం మాట కూడా దాచరాదు. 800 కిలోల రకం చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు మోస్తే గొప్ప. అది చట్రం మధ్య నింపే గోడకే తగినది. స్తంభమూ, దూలమూ మామూలు కాంక్రీటే కావాలి. వాటిలోని ఇనుమును బుడగల కాంక్రీటు ఉప్పుగాలి నుంచి కాపాడలేదు.

నికోబారీలకు ఈ తేలిక సూత్రం ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. కార్ నికోబార్‌లో తేనెతుట్టెను బోర్లించినట్లుండే వారి గుండ్రని ఇళ్లు కొయ్య కాళ్ల మీద, గడ్డి కప్పుతో ఉండేవి. సునామీ వాటినీ, పక్కనున్న సిమెంటు కట్టడాలనూ కలిపి తుడిచివేసింది. నీటికి పక్షపాతం లేదు. బతికినవారు మొదట రేకుల షెడ్లలో ఏళ్ల తరబడి ఉండవలసి వచ్చింది. భూమధ్యరేఖకు దగ్గరగా, ఎండలో, రేకు కింద పగటిపూట ఎంత వేడి ఉంటుందో మన వేసవిలో రేకుల వసారాలో కూర్చున్నవారికి తెలుసు. తరువాత ప్రభుత్వం తొమ్మిది వేలకు పైగా శాశ్వత గృహాలు కట్టించింది. ఆ సామగ్రిలో అత్యధికభాగం ఓడల మీద వచ్చినదే, కట్టిన చేతులు కూడా చాలావరకు ఓడల మీద వచ్చినవే. ఇల్లు దొరికింది, ఇల్లు కట్టుకునే నేర్పు మాత్రం ఒక తరానికి తగ్గింది. నా దృష్టిలో నురుగు దిమ్మె విషయంలో తేలవలసిన అసలు సంగతి ఇదే. దానిని పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పెద్ద కర్మాగారంలో చేసి దీవి దీవికీ పంచితే పాత కథే మళ్లీ నడుస్తుంది. నురుగు యంత్రం పెద్దది కాదు, ఒక చిన్న లారీలో పడుతుంది. అచ్చులు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. గ్రామంలో పదిమందికి నేర్పితే దిమ్మె గ్రామంలోనే పుడుతుంది.

ఆతృత పనికిరాదనడానికి వాన ఒక్కటి చాలు. దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, అదీ రెండు ఋతుపవనాల్లోనూ. నురుగు దిమ్మె నీరు పీలుస్తుంది. బూడిద ఎక్కువైతే ఇంకా పీలుస్తుంది. ఆరేటప్పుడు కుదించుకుపోతుంది గనుక పచ్చి దిమ్మెతో గోడ లేపితే నెల తిరిగేలోగా బీటలు కనబడతాయి. కనీసం 28 రోజులు ఆగాలి. చూరు బయటకు బాగా దించాలి, వెలుపల పూత తప్పదు. మేకు కొడితే నిలవదు, అందుకు వేరే మరలు కావాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. అయితే పుస్తకంలో వానకాలం ఒక పేరా, అండమాన్‌లో అది సంవత్సరంలో చాలాభాగం.

గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కలిసిన భారీ పథకానికి 2022లో పర్యావరణ అనుమతి లభించింది. రేవు తలపెట్టిన గలాథియా అఖాతం పెద్ద తోలు తాబేళ్లు గుడ్లు పెట్టే తావు. ఆ పథకం మంచిచెడ్డల మీద వాదాలు వేరే వ్యాసానికి తగినవి. ఇక్కడ చెప్పవలసినది ఒకటే: అంత కట్టడానికి కావలసిన పొడి, ఇసుక, రాయి ఎక్కడివన్న లెక్క ముందుగా తేలకపోతే 2002 నాటి ఉత్తర్వు కాగితం మీద మిగులుతుంది.

పుస్తకం అచ్చయిన తరువాత ఒక ప్రతి తీసుకుని ఆ మేస్త్రీ దగ్గరకు వెళ్లాను. మాదిరి కోసం సంపాదించిన ఒక నురుగు దిమ్మెను కూడా పట్టుకెళ్లాను. అతడు ముందు దానిని చేతిలో తూచాడు. తరువాత ఏమీ మాట్లాడకుండా పెరట్లోని నీళ్ల తొట్టిలో వేశాడు. దిమ్మె మునిగి, పైకి లేచి, అయిదోవంతు బయటపెట్టి తేలింది. చుట్టుపక్కల పిల్లలు చేరి చప్పట్లు కొట్టారు. నేను విజయగర్వంతో ఇంటికి వచ్చాను. మర్నాడు ఉదయం ఫోను. "మాస్టారూ, మీ ఇటిక ఇంకా తేల్తానే ఉంది. కాని రాత్రికీ ఇప్పటికీ రెండేళ్లు కిందికి దిగింది. వేలు పెట్టి కొలిసేను. పైపూత మాట ఆ బుక్కులో ఎక్కడుందో ఓసారి సదివి సెప్పండి."

పదిహేడవ పేజీలో ఉన్నది. ఫోనులోనే చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు.